ఇచ్చినది యెవరిది?

ఇచ్చుట గొప్పదని చెప్పని మతము లేదు. దాతను గూర్చియు, పాత్రను గూర్చియు, దేశకాలములను గూర్చియు మన పెద్దలు మిక్కిలి విచారించిరి. కాని ఇచ్చిన వస్తువును మరునాటినుండి తుడువవలసినదెవరు, దాచవలసినదెవరు, పనికిరాదని తెలిసియు పారవేయలేక బాధపడవలసినదెవరు అను ప్రశ్నలను వారంతగా విచారించినట్లు కనబడదు. అందుకు కారణము లేకపోలేదు. ఆ కాలపు గృహములలో వస్తువులు తక్కువ. నేడన్ననో, మావంటి సామాన్యోపాధ్యాయుల యిండ్లలో సహితము అటకలు నిండియున్నవి. కావున ఈ ప్రశ్నను అడుగవలసిన కాలము వచ్చినది.

గత సంక్రాంతికి ముందు కోటబొమ్మాళిలోని మా యింటికి సున్నము వేయింపదలచి అటకమీది సామానునంతయు క్రిందికి దింపితిమి. అందు గోడగడియారములు తొమ్మిది కలవు. తొమ్మిదియు తొమ్మిది వేళలను చూపుచు నిలిచిపోయి యుండెను. పైకాగితమైనను విప్పని గాజుగిన్నెల పెట్టెలు మూడు; దేవతల పటములు, తాజమహలు బొమ్మలు, ప్లాస్టిక్ పూలకుండలు లెక్కకు మించి; స్టీలు పళ్లెములు, బిందెలు, గిన్నెలు, వాటిపై ఇచ్చినవారి పేర్లు, తేదీలు. భోగిమంటలో పాత తట్టలను, చీపుళ్లను వేయుటకు వెనుదీయని మా యిల్లాలు వీటిలో ఒక్కదానినైనను బయటికి పంపుటకు ఒప్పుకొనలేదు. "ఇది మీ పినతండ్రిగారు ఇచ్చినది. అది మీ స్నేహితులు ఇచ్చినది. రేపు వారు వచ్చి, మేమిచ్చినదేదీ అని అడిగితే ఏమి చెప్పుదురు?" అని ఆమె ప్రశ్న. మాకు సమాధానము దొరకలేదు. గోడలు తెల్లబడినవి; సామాను మరల అటక యెక్కినది.

ఆ రాత్రి మాకొక సందేహము కలిగినది. ఆ వస్తువులు మావియేనా? మావియైనచో వాటిని మేమేల పారవేయలేకపోతిమి? పరులవైనచో వాటిని మేమేల మోయుచున్నాము? ఆలోచింపగా ఇది కేవలము ఇంటి శుభ్రతకు సంబంధించిన మాట కాదనియు, ధర్మవిచారమునకు సంబంధించినదనియు తోచినది.

మన శాస్త్రకారులు దానమునకు చెప్పిన లక్షణము చాల చక్కనిది. ఒక వస్తువునందు తనకు గల స్వత్వమును విడిచి, దానియందు ఇతరునికి స్వత్వమును కలుగజేయుటయే దానము. ఇందు రెండు క్రియలు కలవు. మొదటిది విడుచుట, రెండవది ఇచ్చుట. యజ్ఞమున ఆహుతి వేయునప్పుడు 'న మమ', అనగా 'నాది కాదు' అని పలుకుటయు ఇందుకే. మనము నేడు రెండవ క్రియను మాత్రము చేయుచున్నాము. మొదటిది చేయుట లేదు. బిందె మీద మన పేరు చెక్కించుట యెందుకు? అది వారి యింటికి పోయిన తరువాతను మనదిగానే కనబడవలెనను కోరిక కాదా? పెండ్లిపందిటిలో మైకు ముందు ఫలానావారు వేయినూటపదహార్లు చదివించిరని కేకవేయించుట యెందుకు? ఒకవైపు ఇచ్చుచు, మరియొకవైపు 'ఇది నాది' అని పదిమంది యెదుట చాటుచున్నాము. 'న మమ' అనవలసిన చోట 'మమ' అనుచున్నాము. పుచ్చుకొన్నవాడు వస్తువును పారవేయ వెరచుచున్నాడన్నచో, దానియందు మన స్వత్వమింకను తొలగిపోలేదనియే అర్థము. అనగా దానము పూర్తి కాలేదు.

చదివింపులు పుట్టుకచేత చెడ్డవి కావు. క్రొత్తగా కాపురము పెట్టు దంపతులకు గిన్నెయు చెంబును లేని కాలమున, ఊరివారు తలకొక పాత్ర తెచ్చి వారి సంసారమును నిలబెట్టిరి. మా ప్రాంతమున సరవకోట దగ్గరి బుడితి గ్రామము కంచు, ఇత్తడి పాత్రలకు పేరుపొందినది. ఇత్తడి బిందె ఒకటి ఇచ్చినచో అది రెండు మూడు తరములు నీళ్లు మోసెడిది. సొట్టలు పడినచో కంచరి బాగుచేసెడివాడు. పగిలినచో తూకమునకు ఇచ్చి క్రొత్తది తెచ్చుకొనెడివారు. ఆ పాత్ర ఇంట ఒక మూల పడియుండుటకు వీలే లేదు. దాని అవసరము ప్రతిదినమును ఉండెడిది. కాలక్రమమున అవసరము పోయినది, ఆచారము మిగిలినది. కుళాయి వచ్చిన యింటికి పది బిందెలు, చేతిలోని ఫోను వేళ చెప్పు యింటికి తొమ్మిది గడియారములు! ప్రాణము పోయిన ఆచారము మోయువానికే బరువు.

ఆచారము నిలిచియుండుటకు మరియొక కారణమును కలదు. అది పద్దుపుస్తకము. పెండ్లినాడు ఎవరెంత చదివించినదియు వ్రాసి దాచుకొందుము. వారి యింట శుభకార్యము జరిగిననాడు పుస్తకము తీసి చూచి, అంతకు ఒక రూపాయి తక్కువ గాకుండ చెల్లింతుము. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మాస్ 1925వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున, అనేక జాతులలో ఇచ్చుట, పుచ్చుకొనుట, మరల ఇచ్చుట అను మూడును తప్పించుకొనరాని విధులుగా నున్నవని చూపెను. సంఘమును కలిపి కట్టు త్రాడు ఇదియే యగునేమో, మేము కాదనము. కాని త్రాడు అని తెలిసికొని కట్టుకొనుట వేరు. అప్పు తీర్చుకొనుటకు ప్రేమ యని పేరు పెట్టుట వేరు. అప్పు తీర్చువానికి ఎదుటివాని అవసరముతో పనిలేదు. మొత్తము సరిపోయిన చాలును. కావుననే అంగడికి పోయి, "మూడువందలలో ఏదైన ఒకటి ఇమ్ము" అని అడుగుచున్నాము. ఆ 'ఏదైన ఒకటి' అను మాటలో ఎదుటివాని ముఖము ఎక్కడనైన కనబడుచున్నదా?

ఇందుకు కొందరు, "ఇన్ని లెక్కలు వేసి ఇచ్చుట పిసినిగొట్టుతనము. ప్రేమతో ఏది ఇచ్చినను మంచిదే. వస్తువును గాక మనస్సును చూడవలెను" అనవచ్చును. మేమును చిరకాలము అట్లే అనుకొంటిమి. మా అభిప్రాయమును మార్చిన సంగతి యొకటి ఇక్కడ చెప్పవలసియున్నది.

మా మేనమామగారిది ఉద్దానములోని ఒక గ్రామము. కొబ్బరి, జీడి, పనస తోటలతో కన్నుల పండువుగా నుండు ఆ తీరమును మూత్రపిండవ్యాధి యెంతకాలముగా పీడించుచున్నదో ఆంధ్రదేశమంతయు ఎరుగును. మావయ్యగారికి ఆ వ్యాధి ముదిరి, డయాలిసిస్ మొదలుపెట్టిరని తెలిసి చూడబోతిమి. రోగిని చూడబోవువారు వట్టిచేతులతో పోరాదని మన సంప్రదాయము. త్రోవలో టెక్కలిలో బత్తాయిలు, అరటిపండ్లు కొంటిమి. ఊరు చేరబోవుచు లేత కొబ్బరిబోండములు ఒక గెల దింపించుకొంటిమి. అవి రోగికి చలువ చేయునని, బలము కలుగునని మా నమ్మకము. అత్తయ్య వాటిని అందుకొని లోపల పెట్టినది. దాహమునకై వంటయింటి గుమ్మము దగ్గరకు పోగా, అక్కడ అప్పటికే నాలుగు బుట్టల పండ్లును, గోడవార బోండములును కనబడినవి. కొన్ని క్రుళ్లుచున్నవి. మా చూపు కనిపెట్టి అత్తయ్య మెల్లగా ఇట్లనినది:

"బాబూ! మీరంతా ప్రేమతో తెస్తున్నారు, కాదనలేను. కాని మీ మావయ్య వీటిలో ఒక్కటీ తినకూడదన్నారు. నీళ్లు కూడా కొలిచి ఇవ్వాలి. ఎదురుగా ఉంటే ఆయన చూపు వాటిమీదకే పోతుంది. పక్కింటి పిల్లలకు పంచుదామంటే, తెచ్చినవాళ్లు వింటే ఏమనుకుంటారో అని భయం."

మేము సిగ్గుపడితిమి. ఆరోగ్యవంతుని మూత్రపిండములు రక్తములోని అధిక పొటాషియమును వెలుపలికి పంపును. ఆ శక్తి నశించినవానికి అది రక్తమున పేరుకొని గుండె కొట్టుకొనుటకే భంగము కలిగించును. కొబ్బరినీరు, అరటి, బత్తాయి పొటాషియము మెండుగా గలవి. కావున వైద్యుని అనుమతి లేక అట్టివి తినరాదు. ప్రేమతో మేము మోసికొనిపోయినది మావయ్యగారికి విషప్రాయము. అత్తయ్యకు కావలికాయవలసిన బరువు. మనస్సు మంచిదే. కాని ఆ మంచి మనస్సు ఒక్క ప్రశ్న అడుగుటకు బద్ధకించినది. "ఏమి తినవచ్చును? ఏమి కావలెను?" అని ఫోనులో అడిగియుండిన నిమిషములో తెలిసియుండును. అడుగలేదు. ఏలయన, మేము మావయ్యగారిని గూర్చి ఆలోచింపలేదు. వట్టిచేతులతో పోయినచో మమ్మేమనుకొందురో యని మమ్మును గూర్చియే ఆలోచించితిమి.

ఆ యింటికి నిజముగా ఇచ్చినవాడు వేరొకడు కలడు. ఎదురింటి కుర్రవాడు, జీడితోటలో కూలిపని చేయువాడు. డయాలిసిస్ దినములలో మావయ్యగారిని పలాస ఆసుపత్రికి తోడ్కొనిపోయి, నాలుగు గంటలు బయట కూర్చుండి, మరల ఇంటికి చేర్చుచుండెను. 2023వ సంవత్సరము డిసెంబరులో పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధనాకేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ప్రారంభమైనవి. చికిత్స దగ్గరకు వచ్చినది. కాని రోగిని అక్కడకు తోడ్కొనిపోవు మనుష్యుడు ఇంటిలోనుండియో ఇరుగుపొరుగునుండియో రావలసినదే. ఆ కుర్రవాని కానుకను ఏ అటకపైనను పెట్టనక్కరలేదు, దానిపై పేరు చెక్కుటకును చోటు లేదు. ఆ దినము ముగియగానే అది ఖర్చైపోవును. అత్తయ్యకు మాత్రము ఆ దినమంతయు కలిసివచ్చును.

ఈ సంగతి మనస్సున పెట్టుకొని కఠోపనిషత్తును మరల చదివితిమి. వాజశ్రవసుడు సర్వస్వమును దానము చేయుచు, నీరు త్రాగుట, గడ్డి మేయుట ముగిసి పాలు ఉడిగిపోయిన ముసలి ఆవులను బ్రాహ్మణులకు తోలుచుండెను. దానిని చూచి కలతపడినవాడు కొడుకైన నచికేతుడు. పుచ్చుకొన్నవానికి ఆ ఆవులవలన కలుగునది పాలు కాదు, మేత వెదకు పని. దాత యిల్లు ఖాళీ యగుచున్నది, పాత్రుని యిల్లు నిండుచున్నది; పుణ్యము మాత్రము దాత పద్దున చేరుచున్నది. మనలో నెందరము మన యింట పనికిరాని క్రొత్త వస్తువును రంగుకాగితము చుట్టి మరియొకరి శుభకార్యమునకు పంపుట లేదు? అది వాజశ్రవసుని ఆవు. ఆ కథలోనే రెండవ పాఠమును కలదు. యముడు ఆ బాలునికి ఏనుగులను, గుఱ్ఱములను, బంగారమును, దీర్ఘాయువును ఇవ్వజూపెను. నచికేతుడు వాటిని నీయొద్దనే ఉంచుకొమ్మనెను. తనకు కావలసినది తెలిసినవాడు కావున తనకు అక్కరలేనిదానిని మర్యాదగా నిరాకరింపగలిగెను. మన సంఘమున ఆ స్వాతంత్ర్యము పుచ్చుకొనువానికి లేదు.

ఈ బరువు ఎవరి తలపై పడుచున్నదో కూడ చూడవలెను. అటక మీది గాజుగిన్నెలను దించి తుడుచునది పురుషుడు కాదు. పేరంటములలో పంచు రవికెలగుడ్డల చరిత్రము మన సోదరీమణులకు తెలిసినదే. కుట్టించుకొనుటకు చాలని ఆ గుడ్డ ఒక యింటినుండి మరియొక యింటికి బొట్టుతో పోయి, ఏడాది తిరుగులోపల మొదట ఇచ్చినామె యింటికే మరల వచ్చును. ఎవరికిని అక్కరలేదని అందరికిని తెలియును. మానుటకు ముందుగా ఎవరికిని ధైర్యము చాలదు. పెండ్లియెడల ఈ అధైర్యము మరింత ప్రమాదకరము. వరకట్న నిషేధచట్టము 1961వ సంవత్సరమున వచ్చినది. ఇష్టపూర్వకమైన కానుకలను వేరుచేయుటకు వధూవరులకు వచ్చిన కానుకల పట్టికలను వ్రాసి యుంచవలెనని 1985వ సంవత్సరమున నిబంధనలును ఏర్పడినవి. ఐనను ఇవ్వకపోయిన మాట పడవలసివచ్చు సారెను ఇష్టపూర్వకమని ఏ పట్టికలో వ్రాయగలము? తల్లిదండ్రుల అప్పుతో కొన్న మంచములును బీరువాలును అత్తవారింట ఇరుకుగదిలో నిండి, కోడలికి నడుచుటకు చోటులేకుండ చేసిన యిండ్లను మేమెరుగుదుము. ఆ ధనము ఆమె చదువునకో, ఆమె పేర బ్యాంకునకో పోయియుండిన, ఆమెకు నిలువ నీడయై యుండెడిది.

ఇక్కడ మేము ఒక హెచ్చరికయు చేయవలెను. వస్తువులు తక్కువగా నుండుటయే గొప్పయని ఏమియు లేనివారికి బోధించుట క్రౌర్యము. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, ఉద్దానమున కొబ్బరిచెట్లను, జీడిచెట్లను నేలగూల్చినది. ఆ దినములలో ఇంటికప్పున కప్పుకొను టార్పాలిన్ పట్ట, క్రొవ్వొత్తి, బిందెడు మంచినీరు, ఇవన్నియు వస్తువులే. వాటికి మించిన కానుక లేదు. కాని అట్టి ఆపదలలో సహితము ఆలోచింపక ఇచ్చినది భారమగును. 2004వ సంవత్సరపు సునామీ తరువాత తమిళనాటి తీరమునకు దేశపు నలుమూలలనుండి వాడిన బట్టలు కుప్పలుగా వచ్చి, కట్టుకొనువారు లేక త్రోవల ప్రక్కల పడియుండెను. పంపినవారి బీరువాలు ఖాళీయైనవి. కష్టపడినవారి వీధులు నిండినవి. కావున వస్తువుయొక్క మంచిచెడ్డలు వస్తువున లేవు. అది ఎవరి చేతికి, ఏ వేళకు చేరినదను దానియందున్నవి. దేశకాలపాత్రములను చూచి ఇవ్వవలెనని గీత చెప్పిన మాటకు ఇంతకన్న సులభమైన వ్యాఖ్యానము మాకు తోచదు.

ఐనచో ఏమి ఇవ్వవలెను? పట్టిక వ్రాసి ఇచ్చుట మా ఉద్దేశము కాదు. పట్టికను చూచి ఇచ్చుట మరల 'ఏదైన ఒకటి' ఇచ్చుటయే. కాని మా యింట ఏర్పరచుకొన్న మూడు ప్రశ్నలను చదువరులతో చెప్పుకొందుము. ఇది వారి యింట వాడబడి ఖర్చగునా? దీనిని కాపాడు పని వారికెంత? వారికి అక్కరలేనిచో మాకు వెరవక ఇతరులకు ఇచ్చివేయగలరా?

మొదటి ప్రశ్నకు కుచేలుని అటుకులు ఉత్తమమైన ఉదాహరణము. ఇంట లేనందున ఇరుగుపొరుగున అడిగి తెచ్చిన పిడికెడు అటుకులు కొంగున ముడివడి ద్వారకకు పోయినవి. మిత్రుడు వాటిని అక్కడనే నోట వేసికొనెను. ఏమియు మిగులలేదు, స్నేహము తప్ప. కుచేలుడు తన కానుకను సిగ్గుతో దాచుకొనెను. ఆనాడు ద్వారకలో చదివింపుల మైకు ఉండియుండినచో ఆ పేదవాడు గుమ్మమే దాటియుండడు. మన ప్రాంతమునకు ఇట్టి కానుకలు కొదువలేదు. పలాస జీడిపప్పు, తోటలో పండిన పనసకాయ, ఇంట చేసిన అరిసెలు, ఇవి తినువారు గల యింట వారము దినములలో ముగిసిపోవును. పొందూరు ఖద్దరు కట్టువానికి పంచె ఇచ్చిన కట్టి చించును. కట్టనివానికి ఇచ్చిన బీరువాలో దాచును. పుస్తకము చదువువానికే ఇవ్వవలెను. చదివిన పిమ్మట గ్రంథాలయమునకు ఇచ్చివేయుమని మనమే చెప్పవలెను. పేదవిద్యార్థి పరీక్షరుసుము చెల్లింపవచ్చును. క్రొత్త దంపతులకు డబ్బే అవసరమైనచో కవరులో పెట్టి, మైకు దగ్గరకు పోక, చేతికిచ్చి రావచ్చును. బాలింత యింటికి పోయి ఒకపూట వంట చేసిపెట్టవచ్చును. కండ్లు మసకబారిన పెద్దలకు శాలువకు బదులు కంటివైద్యుని యొద్దకు తోడు పోవచ్చును. అమెరికా తత్త్వవేత్త ఎమర్సన్ 1844వ సంవత్సరమున కానుకలను గూర్చి వ్రాసిన వ్యాసమున, ఇచ్చువాని జీవితమునందలి భాగమే నిజమైన కానుక యని వాదించెను. జీవితమునందలి భాగమనగా కాలమే కదా!

ఇందును ఆడంబరము ప్రవేశింపగలదు. ఇటీవల కొన్ని పెండ్లిండ్లలో వచ్చినవారికెల్ల మొక్కలను పంచుచున్నారు. తోట గలవానికి అది వరము. విశాఖపట్టణమున మూడవ అంతస్తులో అద్దెకున్న మా బంధువునకు అట్టి కొబ్బరిమొక్క యొకటి వచ్చినది. నాటుటకు నేల లేదు, చంపుటకు చేతులు రావు. పాపమతడు దానిని బస్సులో పెట్టుకొని మా యూరికి తెచ్చెను. మంచి పేరు గల వస్తువైనను మనిషిని చూడక ఇచ్చినచో అటక మీది గడియారమువంటిదే.

అన్నిటికంటె కష్టమైనది మూడవ ప్రశ్న. వారికి పనికివచ్చునని మనమెంత ఆలోచించి ఇచ్చినను పొరబడవచ్చును. కావున వస్తువుతోపాటు స్వాతంత్ర్యమును గూడ ఇవ్వవలెను. "మీకు అక్కరలేనిచో ఎవరికైన ఇచ్చివేయుడు, మేమెన్నడును అడుగము" అని నోరార చెప్పవలెను. చెప్పిన పిమ్మట వారి యింటికి పోయినప్పుడు ఆ వస్తువుకొరకు గోడలవంక చూడరాదు. ఇది చిన్నమాటగా కనబడును గాని, 'న మమ' అను మంత్రమునకు తెలుగు అర్థమిదియే. పుచ్చుకొన్నవారును అంతే. ఇచ్చినవారి ప్రేమ లోహమున లేదనియు, దానిని అవసరమున్న మరియొకరికి ఇచ్చుటవలన ఆ ప్రేమకు లోపము రాదనియు తెలిసికొనవలెను.

మాటకు ముందు మేమే మొదలుపెట్టితిమి. తరువాత మావయ్యగారి యింటికి పోయినప్పుడు వట్టిచేతులతో పోయి, ఆ దినము పలాసకు ఆయనతో మేము పోదుమని ఎదురింటి కుర్రవానితో చెప్పితిమి. అతడా దినము తన కూలికి పోగలిగెను. సాయంకాలము తిరిగివచ్చి కూర్చుండగా, వారి గృహప్రవేశమునకు మేమిచ్చిన గోడగడియారము వసారాలో కనబడినది. క్రింద మా పేరు పెద్ద అక్షరములతో నున్నది. అది నిలిచిపోయి ఎన్నేండ్లయినదో! "ఇది ఆగిపోయినది కదా, ఏల తీయలేదు?" అని అడిగితిమి. "నువ్విచ్చింది కదా బాబూ" అని అత్తయ్య బదులు చెప్పినది. ఆమె అనుమతితో మేమే దానిని దింపితిమి. ఖాళీయైన ఆ మేకుకు ఆమె ఆసుపత్రికి తీసికొనిపోవు కాగితములసంచిని తగిలించినది. ఇన్నాళ్లు దానిని వేళకు వెదకుకొనుచుండెనట.

ఇంటికి వచ్చి మా యటకను మరల దింపితిమి. ఇచ్చినవారిలో దగ్గరివారికి మేమే ముందుగా ఫోను చేసి సంగతి చెప్పితిమి. ఒక్కరైనను కోపింపలేదు. ఇద్దరు మాత్రము నవ్వి, "మీరిచ్చినవి మా యటక మీదనున్నవి, వాటి సంగతి యేమి?" అని అడిగిరి. వాటి సంగతియు ఈ వ్యాసమే. అవి మావి కావు.